నకిలీ మిర్చి విత్తనం మీద కేసు వేశాం: మాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నా

2025 సెప్టెంబర్‌లో మా కేసులో ఆర్డర్ వచ్చింది, నవంబర్‌లో మొదటి విడత డబ్బు మా నాన్న ఖాతాలో పడింది. విత్తనం కొన్నది 2023 జూన్‌లో. ఈ మధ్యకాలంలో ఏ ఆఫీసులో ఏం అడుగుతారు, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ నెలల తరబడి ఆగిపోతుంది అన్నది మాకు ముందే చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతులు ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి వరుసగా రాసి పెడుతున్నా. షాపు పేరు, కంపెనీ పేరు, మా మండలం పేరు రాయడం లేదు. డబ్బు ఇంకా పూర్తిగా చేతికి రాలేదు, పైగా ఇది చదివేవాళ్లకు కావాల్సింది ఆ పేర్లు కాదు.

మా ఊరి మిర్చి ఖమ్మం యార్డుకు పోతుంది. సొంత భూమి ఎకరం పది గుంటలు, మిగతాది కౌలు, మొత్తం మూడెకరాలు మిర్చి వేస్తాం. 2023 వేసవిలో తేజ రకం క్వింటాలు 20 వేలు దాటిందని తెలుసు కదా, ఆ రేటు చూసి పత్తి వేసేవాళ్లు కూడా మిర్చి వైపు తిరిగారు. జూన్ వచ్చేసరికి బాగా పేరున్న హైబ్రిడ్ విత్తనం ఏ షాపులో అడిగినా లేదన్నారు. మా నాన్న ఏళ్లుగా ఖాతా పెట్టుకున్న షాపాయన మాత్రం "నీకోసం పక్కన పెట్టినా, ఎవ్వరికీ చెప్పకు" అన్నాడు. పది గ్రాముల ప్యాకెట్లు 30 తీసుకున్నాం. ప్యాకెట్ మీద ధర 850, ఆయన తీసుకున్నది వెయ్యి. బిల్లు ఇమ్మంటే మొదట తెల్లకాగితం మీద చీటీ రాసిచ్చాడు. నాన్న అక్కడే నిలబడి బిల్లు బుక్కులో రాయించుకుని, షాపు ముద్ర, సంతకం వేయించుకున్నాక గానీ కదల్లేదు. అయిదారేళ్ల కింద మా పెదనాన్న పత్తి విత్తనంలో దెబ్బతిని, బిల్లు లేక ఏమీ చేయలేకపోవడం ఆయన కళ్లారా చూశాడు. బిల్లులో హైబ్రిడ్ పేరు, 30 ప్యాకెట్లు, 25,500 రూపాయలు అని రాశాడు. పైన తీసుకున్న 4,500కు ఏ కాగితమూ లేదు. బిల్లులో లాట్ నంబర్ (ఏ విడత సరుకో చెప్పే నంబర్) రాసే గడి ఉంది గానీ అది ఖాళీగా వదిలేశాడు.

ఆ ఖాళీ గడి వల్ల కేసు పోవాల్సింది. పోకపోవడానికి కారణం మా అమ్మ. నారు పోసిన రోజు చించిన ప్యాకెట్లన్నీ ఏరి, కూరగాయల విత్తనాలు దాచుకోవడానికి పనికొస్తాయని రబ్బరు బ్యాండు వేసి డబ్బాలో పెట్టింది. లోపల వెండి పూత ఉంటుంది కదా, పురుగు పట్టదని ఆమె లెక్క. 30లో రెండు మూడు తప్ప అన్నీ దొరికాయి, అన్నిటి మీదా లాట్ నంబర్ ఒకటే.

జూలైలో నారు పోశాం, ఆగస్టు ఆఖర్లో నాటాం. మొలక బాగానే వచ్చింది, అందుకే అనుమానం రాలేదు. అక్టోబర్ చివరికొచ్చేసరికి తోట ఎగుడుదిగుడుగా కనిపించడం మొదలైంది. ఒకే సాలులో ఒక మొక్క నడుము దాకా ఉంటే పక్కది మోకాలి దగ్గరే ఆగి గుబురుగా పెరిగింది. నవంబర్ మొదటి వారంలో కాత చూస్తే కొన్నిటికి సన్నగా పొడుగు కాయలు, కొన్నిటికి పొట్టిగా లావు కాయలు, కొన్ని మొక్కలకు కాయలు ఆకాశం వైపు చూస్తున్నాయి. కొన్నిటికి పూత మాత్రమే ఉంది, పిందె నిలవడం లేదు. నీళ్లు, మందులు అన్నీ మూడెకరాలకూ ఒకటే. మా గట్టు పక్క రైతు అదే హైబ్రిడ్‌ను ఖమ్మంలో కొన్నాడు, ఆయన తోట గీత గీసినట్టు సమానంగా ఉంది. నాన్న సాయంత్రం పూట ఆ గట్టు మీద నిలబడి ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసేవాడు. ఇంటికొచ్చి అన్నం సరిగా తినేవాడు కాదు. "నాకు సాగు రాదనుకుంటారు" అని ఒక్కటే మాట.

షాపాయన దగ్గరికి వెళ్తే ముందు "తామర పురుగు" అన్నాడు, తర్వాత "వైరస్" అన్నాడు, ఏదో టానిక్ రాసిచ్చి అది కూడా ఖాతాలో రాశాడు. తామర పురుగు వస్తే ఆకు ముడుచుకుంటుంది, పూత రాలుతుంది, కానీ కాయ ఆకారం మారి పైకి తిరగదు కదా అని నాన్న అడిగితే "నువ్వు సైంటిస్టువా" అన్నాడు. ఆ మాట నాన్నకు బాగా తగిలింది. ఆ రాత్రే నన్ను పిలిచి, బిడ్డా దీని సంగతి ఏందో చూడు అన్నాడు. నేను డిగ్రీ అయిపోయి ఇంటి దగ్గరే ఉన్నాను. ఇక అక్కడి నుంచి కాగితాల పని మొత్తం నాదే.

నవంబర్ 20న మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. ఇచ్చిన కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి, ఇది చాలా ముఖ్యం, తర్వాత ప్రతి చోటా ఆ తేదీనే అడుగుతారు. ఉద్యాన శాఖకు ఒక కాపీ, కృషి విజ్ఞాన కేంద్రానికి ఒక కాపీ ఇచ్చాం. ఎవరూ కసురుకోలేదు, కానీ అందరూ ఎలక్షన్ డ్యూటీలో ఉన్నారు. పోలింగ్ నవంబర్ 30, కౌంటింగ్ డిసెంబర్ 3, ఆ తర్వాత వస్తాం అన్నారు. సరే అనుకున్నాం, అంతలో డిసెంబర్ 5న బాపట్ల దగ్గర మిగ్‌జాం తుపాను తీరం దాటింది, మా వైపు కూడా వానలు. తోటలో నీళ్లు నిలిచి కొన్ని మొక్కలు వడలిపోయాయి. నాకు అప్పుడు పట్టుకున్న టెన్షన్ మాటల్లో చెప్పలేను. తోట చూడకముందే తుపాను వచ్చిందంటే నష్టమంతా వాన ఖాతాలో రాసేస్తారని భయం. అందుకని తుపానుకు ముందే నవంబర్‌లో తీసిన ఫోటోలు, వీడియోలు తేదీలతో సహా ఫోన్‌లోనే ఉంచి, ఇంకో చోట కూడా దాచాను. చివరికి అవే పనికొచ్చాయి.

డిసెంబర్ మూడో వారంలో బృందం వచ్చింది. వ్యవసాయ అధికారి, ఉద్యాన అధికారి, కృషి విజ్ఞాన కేంద్రం నుంచి ఒక సైంటిస్టు మేడమ్. షాపాయనకు, కంపెనీకి కూడా రమ్మని సమాచారం ఇచ్చారు. కంపెనీ నుంచి ఒకతను బండి మీద వచ్చాడు, షాపాయన రాలేదు. మేడమ్ తోట అంతా ఊరికే చూసి వెళ్లిపోతారేమో అనుకున్నాను. ఆమె అలా చేయలేదు. మూడెకరాల్లో వేర్వేరు చోట్ల తాడు కట్టించి, ఒక్కో చోట వంద మొక్కలు లెక్కపెట్టించారు. అసలు రకం ఎన్ని, కేళీలు, అంటే వేరే రకం మొక్కలు ఎన్ని, తెగులు సోకినవి ఎన్ని, నీళ్లకు వడలినవి ఎన్ని అని విడివిడిగా రాసుకున్నారు. కాయలు కోసి స్కేలు పక్కన పెట్టి ఫోటో తీశారు. పక్క తోటలోకి కూడా వెళ్లి అదే పని చేశారు. కంపెనీ మనిషి "వాతావరణం మేడమ్" అంటుంటే ఆమె ఏమీ అనకుండా పక్క తోట వైపు చేయి చూపించారు. అంత పద్ధతిగా ఒక మనిషి పని చేయడం చూస్తే నాకు ఏడుపొచ్చింది, నిజంగా.

రిపోర్టు చేతికి రావడానికి దాదాపు నెల పట్టింది, సంక్రాంతి దాటింది. ఈ లోపు కాయ పండుతోంది, కోతకు కూలీలు దొరకడమే కష్టం, రిపోర్టు రాకముందే కోసేస్తే సాక్ష్యం పోతుందేమో అని మేము ఆగాం. తర్వాత తెలిసింది ఏమిటంటే తనిఖీ అయిపోయాక ఆగాల్సిన పని లేదు, పంచనామా మీద సంతకాలు అయిపోతే చాలు. ఇది అధికారిని అడిగి అక్కడికక్కడే తేల్చుకోండి. రిపోర్టులో వందకు సుమారు నలభై మొక్కలు వేరే రకం అని, తెగులు, నీటి ముంపు వల్ల నష్టం తక్కువ శాతమే అని, జన్యుపరమైన స్వచ్ఛత లేని విత్తనమే ప్రధాన కారణమని స్పష్టంగా రాశారు.

మూడెకరాల మీద మాకు వచ్చింది ఎకరానికి ఎనిమిది క్వింటాళ్ల లోపే. అది కూడా రకాలు కలిసిపోయిన కాయ, యార్డులో ఖరీదుదారు గుప్పెడు తీసి చూసి రేటు కోసేశాడు. అప్పుడు యార్డులో ఇచ్చే తక్‌పట్టీలు, అంటే అమ్మకం చీటీలు అన్నీ దాచాం. పక్క రైతు తక్‌పట్టీల జిరాక్స్ కూడా అడిగి తీసుకున్నాం, ఆయన ఏ మాత్రం వెనకాడకుండా ఇచ్చాడు, తర్వాత అఫిడవిట్ కూడా ఇచ్చాడు. ఆయనకు మేం ఎంతో రుణపడి ఉన్నాం.

జనవరి చివర్లో 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు నంబర్ మెసేజ్ వచ్చింది, కంపెనీకి పంపారు, కానీ పంట నష్టం అంత పెద్ద మొత్తం అక్కడ తేలదని, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని చెప్పారు. విత్తన చట్టం కింద ఏమన్నా డబ్బు వస్తుందా అని వ్యవసాయ అధికారిని అడిగాను. 1966 నాటి ఆ చట్టంలో రైతుకు పరిహారం అన్న మాటే లేదు, మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల వరకు మాత్రమే అని ఆయన చెప్తే నమ్మలేక ఇంటికొచ్చి చట్టం తీసి చదివాను. నిజమే. లక్షలు పోయిన చోట 500. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

ఫిబ్రవరిలో ఒక వకీలు దొరికారు. మొత్తం 20 వేలు, సగం ముందు, సగం వాదనల ముందు. వకీలు లేకుండా మనమే వేసుకోవచ్చు, చట్టంలో అభ్యంతరం లేదు, కమిషన్‌లో అలా వచ్చినవాళ్లను నేను చూశాను కూడా. మాకు అటువైపు కంపెనీ ఉంది కాబట్టి ధైర్యం చాలలేదు. ముందుగా షాపుకు, కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసులు పంపారు. షాపాయన జవాబే ఇవ్వలేదు. కంపెనీ మార్చిలో రెండు పేజీల జవాబు పంపింది, మా విత్తనం అన్ని పరీక్షల్లోనూ నెగ్గింది, పంట దెబ్బతినడానికి తెగుళ్లు, వాతావరణం, రైతు యాజమాన్య లోపం కారణం అని. అదంతా ముందే టైపు చేసి పెట్టుకున్న జవాబులా ఉంది. ఆ "యాజమాన్య లోపం" అన్న మాట నాన్నకు చదివి వినిపించలేదు.

ఇంటి దగ్గర అంతకంటే పెద్ద కష్టం మొదలైంది. షాపాయన దగ్గర మాకు ఎరువులు, పురుగు మందుల బాకీ 90 వేల దాకా ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. నోటీసు అందిన వారంలోనే మనిషిని పంపి మొత్తం ఒకేసారి కట్టమన్నాడు. మామూలుగా పంట అమ్మాక కదా కట్టేది. ఇంకే షాపులోనూ ఖాతా పుట్టలేదు, వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. అమ్మ సంఘంలో లోను తీసుకుంది, ఒక బర్రెను అమ్మాం, ఆ బాకీ కట్టేసి రసీదు తీసుకున్నాం. ఊళ్లో కొందరు "ఆడపిల్లను తిప్పుతూ కేసులేందయ్యా" అన్నారు, కొందరు "వాళ్లతో పెట్టుకుంటే రేపు మనకు మందు చుక్క ఇవ్వరు" అని మాతో మాట్లాడటమే తగ్గించారు. అదే షాపులో అదే విత్తనం కొన్నవాళ్లు ఊళ్లో ఇంకో నలుగురు ఉన్నారు. ఒక్కరూ కలిసి రాలేదు. వాళ్లను తప్పు పట్టను, వాళ్ల దగ్గర బిల్లూ లేదు, బాకీ మాత్రం ఉంది.

కేసు ఏప్రిల్ 2024లో వేశాం, ఆన్‌లైన్‌లో ఈ-దాఖిల్ ద్వారా. ఇప్పుడు దాని బదులు ఈ-జాగృతి వచ్చింది. ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఫీజు. మేం అడిగేది ఎనిమిది లక్షల పైన కదా, దానికి తగ్గ ఫీజు కట్టాలేమో అని డబ్బు సర్దుకుని వెళ్లాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం అడిగే పరిహారం కాదు, వస్తువుకు మనం కట్టిన ధర చూస్తారు. అయిదు లక్షల లోపు ధరకు ఫీజు లేదు. మా విత్తనం ధర 25,500, కాబట్టి ఫీజు సున్నా. ఇంకో మంచి విషయం, మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడో ఉంటే అక్కడికి పోనక్కర్లేదు.

ఖర్చంతా వేరే చోట అయింది. ఫిర్యాదు, దాని వెనక కాగితాలు కలిపి ఒక సెట్టు మందంగా తయారైంది, కమిషన్‌కు సెట్లు, అవతలివాళ్లకు తలా ఒకటి, మాకొకటి. రంగు జిరాక్స్ పేజీకి పది రూపాయలు, ప్యాకెట్లు రెండు వైపులా రంగులోనే తీయాలి. నోటరీ, బస్సు చార్జీలు, అమ్మానాన్నల కూలి రోజులు. వకీలు ఫీజు కాక ఇంకో 12, 13 వేలు అయ్యాయి. ఫోటోలు ఏ ఫోన్‌తో ఎవరు తీశారో చెబుతూ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ ఫోన్ పారేయొద్దని, అమ్మొద్దని వకీలు గట్టిగా చెప్పారు. డిస్‌ప్లే పగిలినా కేసు అయ్యేదాకా అదే ఫోన్ ఉంచుకున్నాను. కౌలు భూమి గురించి కూడా టెన్షన్ పడ్డాం, పాసు పుస్తకం మా పేరు మీద లేదు కదా. విత్తనం కొన్నది మేము, బిల్లు మా పేరు మీద ఉంది, అది చాలు అన్నారు వకీలు, అయినా భూమి ఆసామితో ఒక అఫిడవిట్ రాయించి పెట్టారు. ఆయన మంచివాడు కాబట్టి రాసిచ్చాడు. కౌలుకిచ్చిన ప్రతివాడూ అలా రాసిస్తాడని నేను అనుకోను.

మేలో కేసు స్వీకరించి నోటీసులు ఇచ్చారు. నోటీసు అందాక వాళ్లు 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వవచ్చు, అంతకు మించి ఇవ్వకూడదు. కంపెనీ ఆ చివరి గడువులో వేసింది. ఆ జవాబు చదివిన రోజు నాకు కాళ్ల కింద భూమి కదిలింది. ఈసారి తెగుళ్లు, వాతావరణం అన్న మాటతో పాటు కొత్త మాట రాశారు: ఆ ప్యాకెట్లు మావి కావు.

వాళ్లు తమ అసలు ప్యాకెట్, మేము వేసిన ప్యాకెట్ పక్కపక్కన పెట్టి ఫోటోలు ఇచ్చారు. లాట్ నంబర్ వాళ్లదే, నిజంగా ఆ నంబర్‌తో వాళ్లు విత్తనం విడుదల చేశారు, కానీ ఆ లాట్ పరీక్ష తేదీ వేరు. మామూలుగా పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలల గడువు ఉంటుంది, మా ప్యాకెట్ మీద పూర్తిగా ఏడాది ఉంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఎక్కడికీ పోదు. అంచు అతికించిన తీరు కూడా వేరు. ఇంటికొచ్చి అమ్మ డబ్బాలో మిగిలిన ప్యాకెట్లు తీసి నేనే స్కాన్ చేశాను. ఏమీ తెరుచుకోలేదు. పక్క రైతు ఇంట్లో దొరికిన ఒక ప్యాకెట్ స్కాన్ చేస్తే వెంటనే కంపెనీ పేజీ వచ్చింది. ఇన్నాళ్లూ మేము కంపెనీని తిట్టుకుంటున్నాం. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నాకోసం పక్కన పెట్టినా అన్నాడు కదరా" అన్నాడు. పదిహేనేళ్ల ఖాతా అది. పంట పోయినప్పటి కంటే ఆ రోజు ఆయన ఎక్కువ కుంగిపోయాడు.

దీంతో కేసు పోయిందేమో అని నేను భయపడ్డాను. తయారు చేసింది ఎవరో తెలియకపోతే ఎవరి మీద వేయాలి? వకీలు అదే వినియోగదారుల చట్టంలో 86వ సెక్షన్ చూపించారు. తయారీదారు ఎవరో తెలియని సరుకైతే అమ్మినవాడే బాధ్యుడు. అప్పుడు షాపాయన ఆ లాట్ ఎవరి దగ్గర కొన్నాడో ఇన్వాయిస్ చూపించాలి. కమిషన్ అడిగింది. ఆయన వేసిన డిస్ట్రిబ్యూటర్ ఇన్వాయిస్‌లో మా హైబ్రిడ్ ఉంది గానీ ఆ సీజన్ మొత్తానికి ఆయనకు వచ్చిందే 20 ప్యాకెట్లు. మాకొక్కరికే అమ్మింది 30.

ఆ కాగితం బయటికొచ్చిన తర్వాతే ఆయన రాజీకి వచ్చాడు. కమిషన్ కూడా మధ్యవర్తిత్వానికి ఇష్టమేనా అని అడిగింది. లక్ష ఇస్తాను, కేసు తీసేయండి అన్నాడు. పెద్ద మనుషులు ఇంటికొచ్చారు, "బిడ్డా, కేసంటే ఏండ్లు పడుతది, చేతికొచ్చింది తీసుకో" అన్నారు. ఆ లక్ష మాకు చిన్న మొత్తం కాదు, సంఘం లోను తీరేది. నాన్న ఒప్పుకునేవాడే. అమ్మ ఒప్పుకోలేదు. అసలు విత్తనం ఇచ్చుంటే మన తోట విరగ్గాసేదని ఆయన నోటితో చెప్పమనండి, అప్పుడు లక్ష తీసుకుందాం అంది. ఆయన ఆ మాట చెప్పడు కదా, అక్కడితో రాజీ ముగిసింది.

తర్వాత ఏడాది గురించి రాయడానికి పెద్దగా లేదు, వాయిదాలే. చట్టంలో మూడు నెలలు, పరీక్ష అవసరమైతే అయిదు నెలలు అని రాసి ఉంది గానీ ఆ లెక్క పెట్టుకోకండి. ఒకసారి అవతలి వకీలు రారు, ఒకసారి కోరం ఉండదు, అంటే కమిషన్‌లో సరిపడా సభ్యులు ఉండరు. సాక్ష్యం అంతా అఫిడవిట్ల మీదే నడిచింది, సినిమాల్లోలాగా బోనులో నిలబడి ప్రశ్నలు అడగడం ఉండదు, నాన్నకు ఆ భయం ఒకటి తప్పింది.

వాదనలు 2025 వేసవిలో జరిగాయి. షాపు వకీలు ప్రధానంగా పట్టుకున్నది ల్యాబ్ పరీక్ష. విత్తనాన్ని పరీక్ష చేయించలేదు కాబట్టి లోపం రుజువు కాలేదు అన్నాడు. దానికి మా వకీలు 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పెట్టారు, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులు అవి. రైతు కొన్న విత్తనమంతా నాటుకుంటాడు, పరీక్షకు దాచిపెట్టాలని ఆశించలేం అని అందులో ఉంది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే అని కూడా అందులోనే ఉంది. మనవాళ్లే ఎవరో అంతకు ముందు ఏళ్ల తరబడి తిరిగి తెచ్చిన తీర్పు మాకు అక్కరకొచ్చింది. రెండోది తుపాను. దానికి నవంబర్ ఫోటోలు, ముద్ర పడ్డ ఫిర్యాదు కాపీ, మేడమ్ విడివిడిగా రాసిన లెక్క, ఈ మూడూ సరిపోయాయి.

సెప్టెంబర్‌లో ఆర్డర్. కంపెనీ మీద కేసు కొట్టేశారు, ఇప్పుడు ఆలోచిస్తే అది న్యాయమే. షాపాయన విత్తనం ధర 25,500 తిరిగి ఇవ్వాలి, పంట నష్టం కింద 3 లక్షల 40 వేలు, కేసు వేసిన తేదీ నుంచి 9 శాతం వడ్డీ, మానసిక వేదనకు 25 వేలు, ఖర్చులకు 10 వేలు. నష్టం లెక్క ఎలా కట్టారో చెప్తే అందరికీ ఉపయోగం. పక్క తోట దిగుబడి, మా దిగుబడి మధ్య తేడాను ఎకరానికి పది క్వింటాళ్లుగా తీసుకున్నారు. రేటు మేం అడిగినంత కాకుండా తక్‌పట్టీలు చూసి 15 వేలు వేశారు. అందులోంచి రాని కాయకు కోత కూలీ, బస్తాలు, బండి కిరాయి ఖర్చు కాలేదు కదా అని ఆ మొత్తం తగ్గించారు. ఈ తగ్గింపు ఉంటుందని మాకు తెలియదు, అడిగేటప్పుడే ఆ ఖర్చు తీసేసి లెక్క చూపిస్తే బాగుండేదని వకీలు కూడా అన్నారు. పైన తీసుకున్న 4,500 రాలేదు, కాగితం లేదు కాబట్టి.

చెల్లించడానికి 45 రోజులు గడువు. అప్పీలుకు వెళ్లాలన్నా అంతే గడువు, వెళ్లాలంటే ఆర్డర్ మొత్తంలో సగం ముందే కట్టాలి. బహుశా అందుకే ఆయన వెళ్లలేదు. గడువు దాటినా కట్టలేదు, అమలు పిటిషన్ వేశాం. ఆర్డర్ పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంటుందని ఆ నోటీసు వెళ్లాక నవంబర్‌లో సగం కట్టాడు, మిగతాది రెండు విడతల్లో కడతానని కమిషన్ ముందు రాసిచ్చాడు. వ్యవసాయ శాఖ ఆయన లైసెన్సు కొన్నాళ్లు ఆపింది, మళ్లీ షాపు తెరిచాడు. ఆ నకిలీ ప్యాకెట్లు ఎక్కడ అచ్చయ్యాయి, ఎవరు తెచ్చిచ్చారు అన్నది ఇప్పటికీ తేలలేదు. పోలీసులకు కూడా ఫిర్యాదు ఇచ్చాం, అది ఇంకా విచారణలోనే ఉంది. నాకు బాధ అక్కడే, ఎందుకంటే ఆ అచ్చు వేసినవాడు ఇంకో మండలంలో అదే పని చేస్తూ ఉండవచ్చు.

వచ్చిన డబ్బుతో సంఘం లోను తీర్చేశాం. ఊళ్లో ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు వచ్చి మా కాగితాలు జిరాక్స్ తీసుకున్నారు. కేసుకు రెండేళ్ల గడువు ఉంటుంది, వాళ్లకు అది దాటిపోయింది, ఆలస్యానికి కారణం చూపిస్తూ పిటిషన్ వేయవచ్చని మా వకీలు అన్నారు, తీసుకుంటారో లేదో చూడాలి. మా రెండో విడత 2026 ఫిబ్రవరిలో రావాలి. రాకపోతే అదే పిటిషన్ మీద మళ్లీ కమిషన్‌కు వెళ్తాం.